పెద్ద బొమ్మకు చౌక లెన్సు

కూర్మన్నపాలెము నుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. ఉక్కు కర్మాగారమున చాలకాలము పనిచేసి విశ్రాంతి పొందినవారట. ఆసుపత్రిలో పనికిరాదని తీసివేసిన ఎక్స్‌రే ఫిలిము పెట్టె నొకదానిని సంపాదించి, దాని కొలతకు సరిపడునట్లు టేకు చెక్కతో కెమేరాను తామే కట్టుకొన్నారు. రొమ్మునకు తీయు పెద్ద ఎక్స్‌రే బొమ్మను చూడనివారు అరుదు. అది 14 అంగుళముల వెడల్పు, 17 అంగుళముల పొడవు ఉండును. అంత బొమ్మను ఒక్కమారుగా తీయవలెనని వారి పట్టుదల. వారికి కావలసినవి రెండే బొమ్మలు. కర్మాగారములోని మొదటి బ్లాస్టు ఫర్నేసు ‘గోదావరి’ 1990లో రాజుకొన్ననాడు తమతో కూడ పనిలో నున్నవారిలో, నేడు కూడి రాగల 40 మందిని వరుసలుగ నిలిపి తీయు బొమ్మ ఒకటి. తొంబది యేండ్లు దాటిన తమ తల్లిగారి ముఖము, ఉన్నది ఉన్నంత పరిమాణమున, రెండవది. పెట్టె సిద్ధము, ఫిలిము సిద్ధము, లెన్సు లేదు. అంత ఫిలిమునకు చాలిన క్రొత్త లెన్సు పింఛను డబ్బుతో అయ్యెడి పని కాదని తెలిసికొని, చౌకలో మార్గమేమైన కలదాయని అడిగినారు. మిత్రులలో కొందరు ఇప్పటికే లేరనియు, తల్లిగారు మరి యొక వేసవిని చూతురో లేదో యనియు చివర వ్రాసినారు.

మార్గము కలదు. అయితే అది తెలియవలెనన్న ముందు ఒక సంగతి తేల్చుకొనవలెను. అరచేతిలో ఇముడు కెమేరాలు వచ్చిన ఈ కాలమున ఇంత పెట్టె యెందుకు? బొమ్మను పెంచు పని లేకుండుటకు. పెద్ద నెగెటివును కాగితముపై పరచి, పైన గాజు పలక నుంచి, వెలుగు చూపినచో, నెగెటివు ఎంతయో బొమ్మ అంతే వచ్చును. తొలినాటి ఛాయాగ్రాహకు లందరు ఇట్లే చేసినారు. మన విశాఖపట్టణము మద్రాసు రాజధానిలో చేరియున్న ఆ రోజులలో, ఆ రాజధాని ప్రభుత్వమునకు ఛాయాగ్రాహకుడుగ నున్న లిన్నేయస్ ట్రైప్ అను సైనికాధికారి, మధుర, తంజావూరు ఆలయములను సుమారు 12 అంగుళముల, 15 అంగుళముల కాగితపు నెగెటివులపై తీసినాడు. గుంటూరు మండలమున సర్ వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసుకు చేర్పించిన అమరావతి శిల్పములకు 1858లో బొమ్మలు తీసినవాడును ఇతడే. ఆ మరుసటి యేడే ఆ శిల్పములు ఓడ నెక్కి లండనుకు పోయినవి. అవి మన నేలపై నున్నప్పటి రూపమును మనకు మిగిల్చినవి ఆ బొమ్మలే.

పెంచు పని లేదనుటలోనే చౌక లెన్సు రహస్యమంతయు ఉన్నది. పుస్తకము చదువు దూరమున మన కన్ను మిల్లీమీటరునకు 5, 6 గీతలకు మించి విడదీసి చూడలేదు. సామాన్యమైన 35 మిల్లీమీటర్ల ఫిలిము నుండి ఎక్స్‌రే పలకంత బొమ్మ చేయవలెనన్న దానిని 12 రెట్లు పెంచవలెను. అనగా ఆ చిన్న కెమేరా లెన్సు మిల్లీమీటరునకు 60, 70 గీతలను విడదీయవలెను. పెద్ద పెట్టె లెన్సునకు ఆ 5, 6 గీతలే చాలును. పదునులో పది యవ వంతునకు తక్కువైన లెన్సు సైతము ఇక్కడ దొరసానివలె కూర్చుండును. కాబట్టి ఖరీదైన నాణ్యమునకు మనము ధర పెట్టనక్కరలేదు. మనకు కావలసినది వేరొకటి, అది వెడల్పు.

లెన్సు తన వెనుక వేయు వెలుగు చతురస్రముగ నుండదు, గుండ్రముగ నుండును. ఆ వృత్తములో మన ఫిలిము మూలలతో సహా ఇమడవలెను. 14, 17 అంగుళముల పలకకు మూల నుండి మూలకు 22 అంగుళములు, అనగా 560 మిల్లీమీటర్లు. ఆ వృత్తమును తూచుట కష్టమైన లెక్క కాదు. దూరపు వస్తువు బొమ్మ లెన్సు వెనుక ఎంత దూరమున నిలుచునో దానిని నాభ్యంతర మందురు. మేము ముందు చెప్పబోవు జాతి లెన్సులు సుమారు 46 డిగ్రీల మేర చూచును. వానికి దూరపు బొమ్మ వృత్తము నాభ్యంతరములో నూటికి 85 వంతులు. ఈ ఒక్క లెక్క గుర్తున్నచో అంగడివాడు మనలను మోసపుచ్చలేడు.

నాభ్యంతరము పొడుగున్నంత మాత్రమున వెడల్పు రాదనుట కూడ ఇక్కడనే చెప్పవలెను. పాత దూరదర్శిని అద్దము చౌకగ దొరికినది, నాభ్యంతరము మీటరున్నది, పనికివచ్చునా యని అడుగువా రుందురు. మన విశాఖలో గోడే వేంకట జగ్గారావు గారు 1840 ప్రాంతమున స్వంత నక్షత్రశాలను నెలకొల్పినారు. వారి అల్లుడు అంకితం వేంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబముపై నడచుటను అక్కడినుండి పరిశీలించినారు. అట్టి దూరదర్శిని సూర్యబింబమును చూడ పుట్టినది. సూర్యబింబము ఆకాశమున అర డిగ్రీ మాత్రమే. దాని అద్దము నడుమ అద్భుతముగ చూపును, ప్రక్కల నలుకును. నలుబది మందిలో నడుమ నున్న ఇద్దరే పోలిక పట్టుదురు.

ఇక చౌక లెన్సు ఎక్కడున్నది? అచ్చుకూటము వెనుక గదిలో నున్నది. కంప్యూటరు రాకముందు పత్రికలో పడు ప్రతి బొమ్మయు, ప్రతి గోడపటమును, సినిమా వాల్‌పోస్టరును ప్రాసెస్ కెమేరా అను మహాయంత్రము ముందు నిలిచి రావలసినదే. ఇట్టి పత్రికలలో ఆనాడు మీరు చూచిన గాయకుల ముఖములన్నియు దాని కన్నుగుండ వచ్చినవే. దానికి అమర్చిన లెన్సులు జర్మనీ, జపాను దేశములలో మిక్కిలి శ్రద్ధతో చేయబడినవి. అపో-రోనార్, అపో-నిక్కోర్, అపో-ఆర్టార్, అపో-జెర్మినార్ అను పేర్లు వాని అంచులపై కనబడును. ‘అపో’ అనగా మూడు రంగుల వెలుగులను ఒకే చోట నిలుపునది. రంగుల అచ్చునకు అది తప్పనిసరి. అచ్చుపలకను కంప్యూటరే నేరుగ తయారుచేయ నారంభించిన పిమ్మట ఆ యంత్రములు పాత ఇనుమునకు పోయినవి. వానితో లెన్సులును పోయినవి. విజయవాడ, హైదరాబాదులలోను, శివకాశిలోను పాత అచ్చు యంత్రములు కొని అమ్మువారి కొట్లలో అడిగి చూడవలెను. తూకమునకు అమ్ముటకు ముందు చేరినవాడు అదృష్టవంతుడు.

అంత మంచి వస్తువు చౌక ఎందుకైనది? దానికి షట్టరు లేదు. రంధ్రము ఎంత తెరచినను ఎఫ్-9కి మించదు గనుక చూపు మసకగ నుండును. మర దేనికిని సరిపడదు. చిన్న కెమేరా గలవారికి ఇవి మూడును లోపములే. మనకు ఒక్కటియు కాదు. ఆ సంగతి ముందు తెలియును.

అయితే ఇందులో ఒక గొయ్యి యున్నది. పడినవారే ఎక్కువ. యంత్రముతో వచ్చు పాత పత్రములో ‘ఈ లెన్సు ఇన్ని అంగుళముల పలకకు చాలును’ అని వ్రాసియుండును. ఆ మాట సత్యమే, కాని అచ్చుకూటము వాని సత్యము. అతడు బొమ్మను బొమ్మంతగనే తీయువాడు. అసలు పరిమాణమున తీయునపుడు లెన్సునకు, ఫిలిమునకు నడుమ దూరము నాభ్యంతరమునకు రెట్టింపగును. దూరము రెట్టింపైనచో వెలుగు వృత్తమును రెట్టింపగును. అదే లెన్సును కొండవైపు త్రిప్పినంతనే ఆ వృత్తము సగమునకు ముడుచుకొనును. పత్రములో వ్రాసినది చూచి కొని, తెచ్చి, పెట్టెకు బిగించి, నాలుగు మూలలు నల్లగ వచ్చుట చూచి లెన్సును తిట్టువారు కలరు. లెన్సు చేసిన తప్పేమియు లేదు.

ఈ గొయ్యియే మన శ్రోతకు ఒక విధముగ నిధి. తల్లిగారి ముఖము ఉన్నది ఉన్నంత కావలెను గదా. 360 మిల్లీమీటర్ల అపో-రోనార్ వంటిది తీసికొనుడు. దూరమునకు దాని వృత్తము 306 మిల్లీమీటర్లు. మన పలకకు ఏ మూలకును చాలదు. అసలు పరిమాణమునకు 612. పలక కావలసినది 560. హాయిగ ఇమిడిపోవును. పైగ ఇది ఆ జాతిలో చిన్నది, విరివిగ దొరకునది, కనుక ధర తక్కువ. పెట్టె మడతల తిత్తి 720 మిల్లీమీటర్లు సాగవలెను. ముఖము లెన్సు నుండి సరిగ అంతే దూరమున నుండవలెను. ఈ కొలతలో లెన్సును మాత్రమే ముందు వెనుకలకు జరిపిన ఫోకసు కుదరదు. బొమ్మ పరిమాణము మారునే గాని స్పష్టత రాదు. కెమేరా మొత్తమును జరుపవలెను. చక్రముల బల్ల యున్న మేలు.

మరి రెండు మాటలు. రంధ్రమును ఎఫ్-45కు తగ్గించినను స్పష్టముగ వచ్చు లోతు ఒకటిన్నర అంగుళము లోపే. కన్నులను పట్టినచో చెవులు మసకబారును. ఆ మసక ముఖమునకు అందమే యని మా అభిప్రాయము. రెండవది, లెన్సు అంత ముందుకు జరిగినందున వెలుగు నాలుగవ వంతే ఫిలిమును చేరును. ఎక్స్‌రే ఫిలిమునకు వేగము 50 అనుకొన్నచో, పగటి వెలుగు బాగుగ నున్న వరండా నీడలో నాలుగైదు సెకండ్లు పట్టును. పూర్వపు స్టూడియోలలో కుర్చీ వెనుక మెడ కానుకొనుటకు ఇనుప కొక్కెము పెట్టెడివారు. పెద్దామెకు కొక్కె మేల? గోడకు ఆనించిన కుర్చీ, తల వెనుక గట్టి దిండు చాలును.

నలుబది మంది బొమ్మ వేరు కథ. పది మీటర్ల వరుస 17 అంగుళములలో ఇమడవలెను, అనగా సుమారు 23 వంతులకు తగ్గవలెను. ఒక్కొక్క ముఖము చిటికెన వ్రేలి గోరంత వచ్చును. అద్దముతో చూచిన మీసము గూడ లెక్కకు వచ్చును. ఇది దూరపు బొమ్మ క్రిందనే లెక్క. 560 మిల్లీమీటర్ల వృత్తమునకు నాభ్యంతరము 650కి తగ్గరాదు. ప్రాసెస్ లెన్సులలో అంతటివి లేకపోలేదు. అపో-నిక్కోర్‌లో 610, 760 మిల్లీమీటర్లవి కలవు. మొదటిది వరుస నడుమ నిలుచువారి బొమ్మకు సరిపోవును గాని మూలలు కొంచెము కొరతపడును. రెండవది అన్ని విధముల చాలును. కాని ఇవి బరువు, ధరయు ఎక్కువ, దొరకుట అరుదు. దొరకువరకు మిత్రులు నిలువరు.

ఇక్కడ మేము చెప్పబోవునది విని కొందరు నవ్వవచ్చును. కళ్లజోళ్ల అంగడికి పోయి, చత్వారమునకు ఇచ్చు ప్లస్ ఒకటిన్నర అద్దమును అడుగుడు. అద్దపు శక్తిని డయాప్టరులలో చెప్పుదురు. వేయి మిల్లీమీటర్లను ఆ అంకెతో భాగించిన నాభ్యంతరము వచ్చును. ఒకటిన్నరకు 667. మనకు కావలసినది 650. జోడునకు తగినట్లు కోయకముందు గుండ్రముగ 70 మిల్లీమీటర్ల వెడల్పున్న అద్దమునే ఇమ్మనవలెను. అందు సిలిండరు అను దిద్దుబాటు ఉండరాదు. దూరమునకు, దగ్గరకు రెండు శక్తులున్నది అసలే పనికిరాదు. కొన్ని వందల రూపాయలలో పని ముగియును.

ఇది చిట్కా కాదు, చరిత్ర. 1812లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వోలస్టన్, ఛాయాచిత్రమనునది ఇంకను పుట్టకముందే, చీకటి పెట్టెలో బొమ్మ చూచుటకు ఇట్టి వంపు అద్దమునే వాడవలెనని కనుగొన్నాడు. ఒక ప్రక్క బోలుగ, ఒక ప్రక్క ఉబ్బెత్తుగ నున్న అద్దము, బోలు ప్రక్క దృశ్యము వైపు, దాని ముందు కొంత దూరమున చిన్న రంధ్రము. ఇంటింట తిరిగిన బాక్సు కెమేరాలు పెక్కింటిలో ఉన్నదియు ఇంచుమించు ఇదే. నేటి కళ్లజోడు అద్దము సరిగ ఆ వంపుతోనే వచ్చుచున్నది. ఎఫ్-45 కావలెనన్న 15 మిల్లీమీటర్ల రంధ్రమును నల్ల అట్టలో చేసి, అద్దమునకు రెండు అంగుళములు ముందు నిలుపుడు. రెండున్నర దాటనీయరాదు, దాటినచో ప్రక్కనుండి వచ్చు వెలుగు అద్దపు అంచు దాటిపోయి మూలలు నల్లబడును. లోపల నల్లరంగు పూసిన పి.వి.సి. గొట్టము దీనికి సరియైన ఇల్లు.

ఒక్క లోపము మాత్రము ఒప్పుకొనక తప్పదు. ఒంటి అద్దము రంగులన్నిటిని ఒకచోట నిలుపదు. మన కన్ను పసుపు వెలుగును చూచి ఫోకసు చేయును. ఫిలిము నీలి వెలుగును నమ్మును. నీలి వెలుగు లెన్సునకు మరింత దగ్గరగ నిలుచును. నీలిరంగునకే స్పందించు ఫిలిమైనచో, చూచి ఫోకసు చేసిన పిమ్మట లెన్సును ఫిలిము వైపునకు నాభ్యంతరములో 50వ వంతు, అనగా 13 మిల్లీమీటర్లు, జరుపవలెను. ఆకుపచ్చకును స్పందించు ఫిలిమైనచో అందులో సగము చాలును. ఎఫ్-45 వద్ద ఇటు అటు 9 మిల్లీమీటర్ల తప్పు చెల్లును గాని అంతకు మించి చెల్లదు. ఒక చిన్న ముక్క ఫిలిముతో, అడుగడుగు దూరమున నిలిపిన ఐదు పుస్తకములను ముందుగ తీసి చూచినచో ఏది స్పష్టపడినదో తెలిసిపోవును. ఈ పరీక్ష మానరాదు. మిత్రులను రెండవమారు పిలుచుట కష్టము.

పాత ఇత్తడి లెన్సుల మాట కూడ అడుగుదురు. 1866లో డాల్‌మేయర్ ఇంగ్లండులోను, స్టైన్‌హైల్ జర్మనీలోను ఇంచుమించు ఒకే కాలమున వెలువరించిన ర్యాపిడ్ రెక్టిలీనియర్ జాతివి నేటికిని మంచి కొనుగోళ్లే. రెండు జంట అద్దములు ముందొకటి, వెనుకొకటి. ముందుదానిని విప్పి వెనుకదానితోనే తీసినచో నాభ్యంతరము రమారమి రెట్టింపగును గనుక ఒక్కటే రెండుగ పనిచేయును. హైదరాబాదు జుమేరాత్ బజారు వంటి పాతసామాను సంతలలో వెదుకువారికి ఓపిక కావలెను. కాని 1840లో పెట్జ్‌వాల్ కల్పించిన ముఖచిత్రపు లెన్సుల జోలికి పోరాదు. అంచులు సుడి తిరిగినట్లు వచ్చుటను వేడుక పడువారు నేడు పెరిగినందున వాని ధర ఆకాశమంటినది. చూపు మేర మాత్రము ఇరుకు. పాత జెరాక్సు యంత్రము లెన్సు కూడ వట్టి ఆశయే. ఆ యంత్రము కాగితమును సన్నని పట్టీలుగ చూచుకొంటూ పోవును గాని ఒక్కమారు మొత్తము చూడదు.

కొట్టులో లెన్సు చేతికి వచ్చినపుడు చేయవలసినది సులభము. కిటికీకి ఎదురుగ గోడ వద్ద నిలిచి, గోడపై కిటికీ బొమ్మ స్పష్టపడువరకు లెన్సును జరిపినచో నాభ్యంతరము ఇంచుమించుగ తెలియును. చేతిదీపమును వెనుకనుండి చూపుడు. లోపల సాలెగూడువంటి తీగలు కనబడినచో అది బూజు. మా విశాఖ సముద్రపు గాలికి ఈ జబ్బు ఎక్కువ. కొన్న లెన్సును తోలుసంచిలో దాచక, గాలి తగులు చోట నుంచి, అప్పుడప్పుడు ఎండ చూపవలెను. అంచున ఇంద్రధనుస్సు వంటి మరక యున్నచో అతుకు విడిచినదని అర్థము. కొద్దిపాటిదైనచో బేరమాడుటకు పనికివచ్చును, బొమ్మ చెడదు. రంధ్రపు రేకులు విరిగినవని విడిచిపెట్టరాదు. 1858లో జాన్ వాటర్‌హౌస్ చూపిన ఉపాయము గలదు: నల్ల రేకులో కావలసిన రంధ్రము చేసి లెన్సు నడుమ చీలికలో దోపుట. పెక్కు ప్రాసెస్ లెన్సులకు ఆ చీలిక పుట్టుకతోనే ఉన్నది.

మర సరిపడలేదన్న దిగులు గాజువాక పరిసరములవారికి ఉండరాదు. ఆటోనగరులో లేతు మిషను లేని వీధి యున్నదా? లెన్సును చేతికిచ్చి, దాని మరకు సరిపడు ఇత్తడి చుట్టును తిప్పి యిమ్మన్నచో సాయంకాలమునకు సిద్ధము చేయగలవారు అక్కడ కలరు. మన శ్రోతకు వారిలో తెలిసినవారు లేకుండరు.

చివరకు షట్టరు. మన రంధ్రములు చిన్నవి గనుక సెకండ్ల లెక్కలో వెలుగు పడవలెను. లెన్సుపై టోపీ మూసి, తీసి, మూసినచో అదే షట్టరు. కాని నలుబది మంది బొమ్మకు ఎండ నడినెత్తి నున్నచో ఎక్స్‌రే ఫిలిమునకు సెకండులో ఆరవ వంతే చాలును. అంత వేగముగ టోపీ నాడించుట చేతకాని పని. మబ్బు కమ్మిన ఉదయము నెన్నుకొనుడు. అప్పుడు సెకండు మీద మరి కొంత పట్టును. ‘ఒకటి, రెండు’ అని పలికి మూయుటకు వ్యవధి చిక్కును. కన్నులు చికిలించువారును ఉండరు. కెమేరా నుండి వరుసకు పదహారు మీటర్లు విడువవలెను. పొడుగువారిని వెనుకను, ఊపిరి బిగబట్టలేనివారిని ముందు బెంచీపైనను ఉంచవలెను.